పి.వి. - రాష్ట్రం, కేంద్రం

పాములపర్తి వేంకట నరసింహారావు 1921 జూన్ 28న జన్మించారు. నాటి కరీంనగర్ జిల్లాలోని వంగరలో పెరిగారు. మంథని ప్రజలు 1957 నుండి వరుసగా ఆయనను శాసనసభకు పంపారు.

1971 సెప్టెంబరు 30న ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్నుకొన్నది శాసనసభాపక్షమే; నిర్ణయం మాత్రం ఢిల్లీది. భూమి రాజ్యాంగం రాష్ట్రాలకు అప్పగించిన విషయం. అందుచేత, తాను భూస్వామి అయి ఉండి కూడా, భూపరిమితి చట్టానికి పూనుకొన్నారు. శాసనసభ ఆమోదించిన ఆ బిల్లు రాష్ట్రపతి సమ్మతితో 1973 సంవత్సరపు మొదటి చట్టమైంది. భూస్వాములు కలవరపడ్డారు. అంతకు ముందే, 1972 అక్టోబరులో, ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. మంత్రులు కొందరు రాజీనామా చేశారు. సభలో ఓడిపోకుండానే 1973 జనవరిలో పి.వి. పదవి వీడారు, రాష్ట్రపతి పాలన వచ్చింది.

1991లో ఆయన ప్రధానమంత్రి అయ్యారు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత అనంతరం 356వ అధికరణం ప్రయోగించవలసిన వంతు ఆయనదే అయింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాలు తొలగిపోయాయి. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఆ చర్యను సమర్థించింది. అయితే అటువంటి ప్రకటనలు న్యాయసమీక్షకు లోబడినవేనని, ప్రభుత్వ బలం తేలవలసినది సభలోనేనని స్పష్టం చేసింది.