అడా లవ్‌లేసు దొరసాని

మన పైతరగతుల విద్యార్థులలో కొందరు నేడు కంప్యూటరునకు సంబంధించిన ‘సీ’ భాషను అభ్యసించుచున్నారు. వారికి పాయింటరను విషయము మిక్కిలి కష్టముగ తోచుచున్నది. యంత్రముయొక్క జ్ఞాపకములో నొక స్థానమునకు గల సంఖ్య వేరు, ఆ స్థానములో నుంచబడిన సంఖ్య వేరు. ఈ భేదము తెలిసినచో తక్కినది సులభము. అట్టి యంత్ర మింకను లోకములో పుట్టకమునుపే, 1843లో, దీనిని కాగితముపై స్పష్టముగ చూపిన యొక స్త్రీ చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

అగస్టా అడా 1815 డిసెంబరు 10వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆమె తండ్రి ప్రఖ్యాతుడైన ఆంగ్లకవి బైరను ప్రభువు. శిశువునకు నెల నిండిన కొలదిదినములకే తల్లిదండ్రులు వేరుపడిరి. బైరను ఆ మరుచటి వసంతమున ఇంగ్లండును విడిచి, మరల రాక, 1824లో గ్రీసు దేశమున మరణించెను. కుమార్తెకు తండ్రి ముఖ మెరుగు భాగ్యము కలుగలేదు. తండ్రి చిత్తచాంచల్యము బిడ్డకు సంక్రమించునేమో యని భయపడి, తల్లి యామెకు చిన్ననాటినుండియు గణితశాస్త్రమును చెప్పించెను. 1829లో పొంగు సోకి, కాళ్లు స్వాధీనము తప్పి, ఆ బాలిక చాలకాలము మంచము పట్టెను. పిమ్మట ఊతకోలల సాయమున నడచెను. అయినను చదువు విడువలేదు.

1833 జూను మాసమున, 17 ఏండ్ల ప్రాయమున, ఆమె చార్లెసు బాబేజి యను గణితవేత్తను కలిసికొనెను. పండ్లచక్రములచే లెక్కలు కట్టు ఆయన యంత్రభాగమును చూచి దాని మర్మము తెలియ గోరెను. 1835లో విలియం కింగు ప్రభువును వివాహమాడెను. 1838లో ఆయనకు లవ్‌లేసు ఎర్లను బిరుదు రాగా, ఈమెయు లవ్‌లేసు దొరసాని యయ్యెను. ముగ్గురు బిడ్డల తల్లియైన పిదప, 1840లో డిమోర్గను పండితుని యొద్ద ఉత్తరముల మూలమున మరల గణితాభ్యాసమునకు పూనుకొనెను. ఆ పండితుడు 1806లో మన దక్షిణదేశపు మధురలో జన్మించినవాడగుట గమనింపదగినది.

ఇంతలో బాబేజి మరియొక గొప్ప యంత్రమును యోచించెను. అందు సంఖ్యలను దాచు కొట్టొకటి, లెక్క చేయు మర యొకటి. కొట్టులో వరుసగ నిలువు స్తంభములుండును. ఒక్కొక్క స్తంభమున నొక్కొక్క సంఖ్య యుండును. ఏ స్తంభమునుండి సంఖ్యను తీయవలెనో, ఫలితమును దేనియందుంచవలెనో, రంధ్రములుగల అట్టలు యంత్రమునకు తెలుపును. ఇటలీ దేశీయుడైన మెనబ్రియా 1842లో దీనిని గూర్చి ఫ్రెంచిభాషలో నొక వ్యాసము ప్రకటించెను. అడా దానిని ఆంగ్లమున ననువదించి, మూలమునకు మూడురెట్లున్న వివరణములను చేర్చి, 1843లో ప్రచురించెను. తన పూర్తి పేరు వేయక ఏ.ఏ.ఎల్. అను పొడియక్షరములు మాత్రమే యుంచెను.

ఆ వివరణములలో కడపటిది బెర్నూలీ సంఖ్యలను కనుగొను క్రమమును తెలుపు పట్టిక. అందు ప్రతి స్తంభమునకును క్రమసంఖ్య గలదు. ఆమె ఉదాహరణము ప్రకారము 2వ స్తంభమున 2, 3వ స్తంభమున 4 ఉండును. ఆ రెంటిని హెచ్చింపగా వచ్చిన 8ని 4, 5, 6 స్తంభములం దుంచవలెను. పిమ్మట 4వ స్తంభమునుండి ఒకటి తీసివేయగా 7 అగును. 5వ దానికి ఒకటి కలుపగా 9 అగును. స్తంభము మారలేదు, అందలి విలువ మారినది. ఎన్నిమారులు మారినదో తెలుపుటకు ఆమె పేరుప్రక్కన నొక చిన్న అంకెను గూడ వేసెను.

ఆపై 4వ స్తంభమును 5వ దానిచే భాగించి తొమ్మిదింట ఏడు వంతులను పొందవలెను. కాని అచ్చుపడిన పట్టికలో 5వ దానిని 4వ దానిచే భాగింపుమని యున్నది. విలువలన్నియు సరియైనవే, స్తంభముల సంఖ్యలు తారుమారైనవి. యంత్ర మున్నచో నీ యొక్క పొరపాటుచే ఫలితమంతయు చెడియుండును.

ఇప్పుడు పాయింటరును గ్రహించుట సులభము. 3వ స్తంభములోని 4ను విలువగ చదివినచో అది నాలుగే. దానినే చిరునామాగ చదివినచో 4వ స్తంభమునకు పొమ్మని యర్థము. మొదట అచ్చట నున్నది 8. ఒక స్థానముయొక్క చిరునామాను మరియొక స్థానములో దాచినచో ఆ రెండవదే పాయింటరు. బాబేజి యోచనలో చిరునామాలు అట్టలమీదనే యుండెను. తరువాతి యంత్రములలో అవియు జ్ఞాపకములోనే చేరినవి. డెన్నిసు రిచీ 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో నిర్మించిన సీ భాషలో ఆంపర్‌శాండు గుర్తు చిరునామాను తెచ్చును. నక్షత్రపు గుర్తు ఆ చిరునామాకు పోయి అచ్చటి విలువను తెచ్చును. చిరునామా తప్పినచో పాయింటరు పరుల స్థానములో వ్రాసి, అందున్న దానిని చెరుపును.

అడా శ్రమకు ఫలము ఆమె జీవితకాలమున కనబడలేదు. బాబేజి మొదటి యంత్రమునకు 17,000 పౌనులకు పైగ వ్యయపరచిన ప్రభుత్వము 1842లో సాయము మానుకొనెను. రెండవ యంత్రము నిర్మాణమే కాలేదు. ఆమెయు గుఱ్ఱపుపందెములలో ధనము పోగొట్టుకొని, అప్పులపాలై, తుదకు గర్భాశయపు పుండుచే దుర్భరమైన బాధననుభవించి, 1852 నవంబరు 27వ తేదీన 36వ యేట గతించెను. తండ్రి మరణించినదియు 36వ యేటనే. ఆమె కోరికచొప్పున హక్నాలు గ్రామపు దేవాలయములో తండ్రి ప్రక్కనే సమాధి చేసిరి.

విద్యార్థులారా, ఆమె యెదుట యంత్రము లేదు. ఒక కాగితమును వరుస గడులును మాత్రమే యుండెను. మీరును పాయింటరు తెలియనప్పుడు గడులు గీయుడు. గడిపైన దాని సంఖ్యను, లోపల దాని విలువను వ్రాయుడు. ఒక్కొక్క యాజ్ఞకు మారినదానిని కొట్టివేసి క్రొత్తది వేయుడు. చిరునామా యేది, విలువ యేది యని ప్రతి పంక్తియందును ప్రశ్నించుకొనుడు. కంఠపాఠమువలన రాని జ్ఞానము ఈ చిన్న పనివలన వచ్చును.