సురవరము ప్రతాపరెడ్డిగారు

మన కులమున జన్మించి యాంధ్రదేశమున కంతటికిని జెందిన మహనీయులలో సురవరము ప్రతాపరెడ్డిగా రగ్రగణ్యులు. తుంగభద్రకు ఆవలియొడ్డున నడిగడ్డ సీమయందలి ఇటిక్యాలపాడు వారి స్వగ్రామము. 1896 మే 28వ తేదీన జన్మించి, మన కర్నూలులో వెల్లాల శంకరశాస్త్రిగారి కడ సంస్కృతము నభ్యసించిరి. కావున గూడూరువారమగు మనకు వారు పరాయివారు కారు.

హైదరాబాదున రెడ్డి వసతిగృహమునకు కార్యదర్శులై యందలి గ్రంథాలయమును పెంపొందించిరి. 1926 మే 10వ తేదీనుండి గోలకొండ పత్రికను నడపిరి. తెలంగాణమున తెలుఁగు కవులు పూజ్యమని యొకరు వ్రాయఁగా, రెడ్డిగారు నిదర్శనమునే చూపిరి. ఊరూర నున్న కవుల పద్యములను సేకరించి, 354 మంది రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అది లేకున్న వారిలోఁ బలువురి పేరులే నేఁడు వినఁబడకుండెడివి.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రయందును రాజుల యుద్ధములకన్న జనుల కూడు, గుడ్డ, ఆటపాటలు, పండుగలకే పెద్దపీట వేసిరి. 1953 ఆగస్టు 25వ తేదీన స్వర్గస్థులైరి. 1955లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తెలుఁగున కదియే మొదటిది.

వారి పటమునకు పూలదండ వేయుట సులభము. మన యిండ్ల అటకలపైఁ జెదలు తినుచున్న పాత పత్రికలను, ఉగాది సంచికలను తూకమున కమ్మక, సంవత్సరముల వరుసను కుట్టించి, అట్ట వేయించి, గ్రంథాలయముల కొసఁగుటయే వారికిఁ దగిన యర్చన. నేఁటి సామాన్య పత్రికయే రేపటి సాంఘిక చరిత్రకు ఆధారము. దాతలు ఇందుకు పూనుకొందురుగాక యని ప్రార్థించుచున్నాము.