గ్రేస్ హాపర్ - ఒక యంత్రం మాట ఇంకో యంత్రానికి

సావనీర్‌కి ఎవరైనా పెద్దవారి జీవితం రాయమని యూనియన్ వాళ్ళు అడిగారు. కోనసీమవాణ్ణి కాబట్టి కాటన్ దొరగారి మీదే రాస్తాననుకున్నారు మా మిత్రులు. ఆయన్ని గురించి మనకందరికీ తెలుసు. నేను గ్రేస్ హాపర్ గురించి రాస్తున్నాను. దానికి కారణం మా లాబ్‌లో నాకు పట్టిన తిప్పలు.

ప్రాజెక్టు బోర్డులో తప్పులు వెతకడానికి మొదట జె-లింక్ అనే డీబగ్గర్ వాడేవాళ్ళం. అది అరువు సరుకు, తిరిగి ఇచ్చెయ్యాల్సి వచ్చింది. దాని బదులు ఓ చవక పరికరం, దానికి ఓపెన్ ఓసీడీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టుకున్నాం. పాత కాన్ఫిగరేషన్ ఫైలుని కొత్తదానికి తగ్గట్టు మార్చే పని నా నెత్తిన పడింది. అక్కడ "స్పీడ్ 4000" అన్నది ఇక్కడ "అడాప్టర్ స్పీడ్ 4000" అవుతుంది. జీడీబీ కోసం అక్కడ 2331 పోర్టు, ఇక్కడ 3333. ఇదేం బ్రహ్మవిద్య అనుకుని వరసగా మార్చేశాను. బోర్డు మాత్రం ఉలకదు, పలకదు. రెండు రోజులు పోయాయి. గడువేమో వారంలో ఉంది.

ఆ రెండో రోజు రాత్రి హాపర్ జీవితం చదివాను.

ఆవిడ 1906లో న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ళ వయసులో ఇంట్లో ఉన్న అలారం గడియారాలు ఏడింటినీ విప్పదీశారట. 1934లో యేల్‌లో గణితంలో డాక్టరేటు పొంది, వాసర్ కాలేజీలో పాఠాలు చెప్పారు. యుద్ధం రాగానే నౌకాదళంలో చేరబోతే వయసెక్కువ, బరువు తక్కువ అన్నారు. పట్టుబట్టి మినహాయింపు తెచ్చుకుని 1943లో చేరారు. మరుసటి ఏడు హార్వర్డ్‌లో మార్క్ 1 యంత్రం దగ్గర వేశారు. 51 అడుగుల పొడవు, 5 టన్నుల బరువు!

ఇక పురుగు కథ. 1947 సెప్టెంబరు 9న మార్క్ 2 యంత్రం రిలేలో రెక్కల పురుగు ఒకటి దొరికితే దాన్ని లాగ్‌బుక్‌లో అంటించారు. ఆ పుటని ఇప్పటికీ భద్రపరిచారు. "బగ్" అన్న మాట పుట్టించిందే ఆవిడని మన క్విజ్ పోటీల్లో చెబుతుంటారు, అది పొరపాటు. ఎడిసన్ కాలం నుంచే ఇంజనీర్లు ఆ మాట వాడేవారు. పురుగుని పట్టిందీ ఆవిడ కాదు. ఆవిడ ఆ కథని పదిమందికీ చెప్పారంతే.

నన్ను ఆకట్టుకున్నది వేరే సంగతి. ఆ రోజుల్లో ఒకరు రాసిన లెక్కల ముక్కలు నోటుపుస్తకాల్లో ఉండేవి. కావలసినవాళ్ళు చేత్తో ఎత్తి రాసుకుని, అడ్రసులు తమ ప్రోగ్రాముకి తగ్గట్టు కలుపుకునేవారు. బి అక్షరం 13 అయిపోయేది, కూడికలు తప్పేవి. మనుషులు ఎత్తి రాయడంలోనూ కూడడంలోనూ తప్పులు చేస్తారు గనక ఆ పని యంత్రానికే ఒప్పగించాలని హాపర్ తలచారు. అలా 1952కల్లా యూనివాక్ మీద ఏ-0 తయారైంది. యంత్రం లెక్కలే చేస్తుంది గాని ప్రోగ్రాములు రాయదని చాలామంది నమ్మలేదట. తరవాత ఇంగ్లీషు మాటలతో నడిచే ఫ్లో-మ్యాటిక్ చేశారు. 1959లో మొదలైన కోబాల్‌కి అదే ముఖ్యమైన ఆధారం. కోబాల్ మొత్తం ఆవిడొక్కరే రాశారనడం కూడా సరికాదు, కమిటీలు కూర్చున్నాయి.

1960 డిసెంబరులో దాదాపు ఒకే కోబాల్ ప్రోగ్రామును ఆర్‌సీఏ యంత్రం మీదా, యూనివాక్ మీదా నడిపి చూపారు. మన తాతల కాలంలో ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచానికి సరిపడేది కాదంటారు. కంప్యూటర్లదీ అదే వరస అయితే, ఈ రెంటికీ ఒకే కొలత దొరికిందన్నమాట. అయినా కంపెనీలు ఎవరి కోబాల్ వాళ్ళు దిద్దుకోసాగాయి. 1966 చివర రిటైరైన హాపర్‌ని నౌకాదళం 1967లో ఆరు నెలలకని మళ్ళీ పిలిచింది. ఆ ఆరు నెలలు 1986 దాకా సాగాయి! ఏ కంపైలరు ఒప్పందం ప్రకారం నడుస్తోందో, ఏది నడవటం లేదో తేల్చే పరీక్షా ప్రోగ్రాములు ఆవిడ బృందం తయారుచేసింది. రియర్ అడ్మిరల్‌గా దిగిపోయేనాటికి వయసు 79. అప్పుడైనా ఇంట్లో కూర్చోక ఓ కంప్యూటర్ కంపెనీకి సలహాదారుగా వెళ్ళారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.

నా తప్పేమిటో అప్పుడు తట్టింది. నేను ఫైల్లో ఉన్న మాటల్నే మార్చాను. లేనివాటి సంగతి ఆలోచించలేదు. బోర్డుని రీసెట్ ఎలా చెయ్యాలో పాత ఫైల్లో ఒక్క ముక్క లేదు, ఆ పరికరం తనంతట తనే చూసుకునేది. ఓపెన్ ఓసీడీకి మన బోర్డు తీగలెలా ఉన్నాయో మనమే చెప్పాలి. రీసెట్ లైను రాశాక బోర్డు ఆగమంటే ఆగింది.

అంతటితో ఊరుకోలేదు. జె-లింక్ ఒక పూటకి మళ్ళీ అడిగి తెచ్చి, రెండు పరికరాలతోనూ అవే రిజిస్టర్లు చదివి, కాగితం మీద రెండు వరసలుగా రాసి పోల్చాను. ఒక్కటి తప్ప అన్నీ కలిశాయి. ఆ ఒక్కటీ టైమరు, అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.