దీనబంధువు కార్డినల్ మానింగ్

పదవి మనిషికి గౌరవాన్ని తెచ్చిపెడుతుంది. ఆ గౌరవాన్ని అతడు ఎవరికోసం వినియోగించాడన్నదే చరిత్ర చూస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు కాథలిక్కుల మతపీఠాన్ని అధిష్ఠించిన హెన్రీ ఎడ్వర్డ్ మానింగ్ జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

మానింగ్ 1808 జూలై 15న హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని టాటరిడ్జ్‌లో జన్మించాడు. తండ్రి విలియం మానింగ్ వెస్టిండీస్ వర్తకంలో ధనం గడించినవాడు, పార్లమెంటు సభ్యుడు, కొంతకాలం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు గవర్నరు. హారో పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలోను చదివిన మానింగ్ మంచి వక్తగా పేరు పొందాడు. తర్వాతి కాలంలో నాలుగుసార్లు ప్రధానమంత్రి అయిన గ్లాడ్‌స్టన్ ఆయనకు అక్కడ సహాధ్యాయి. రాజకీయాలలో రాణించాలన్నది మానింగ్ ఆశయం. కాని 1831లో తండ్రి వ్యాపారం దివాలా తీయడంతో ఆ ద్వారం మూసుకుపోయింది. కొద్దికాలం వలసరాజ్యాల కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, అనంతరం ఆంగ్లికన్ మతాచార్యుడై, ససెక్స్‌లోని లావింగ్టన్ గ్రామం చేరాడు. అక్కడ 1833లో కారొలిన్ సార్జెంట్‌ను వివాహమాడాడు. నాలుగేళ్లు నిండకముందే ఆమె మరణించింది. ఆయన మరల వివాహం చేసుకోలేదు.

1840లో చిచెస్టర్ ఆర్చిడీకన్ పదవి లభించింది. బిషప్పు పదవి ఎంతో దూరం లేదని అందరూ భావిస్తున్న తరుణమది. 1850లో బాప్తిస్మానికి సంబంధించిన ఒక వివాదంలో ప్రభుత్వ న్యాయపీఠం తీర్పు చెప్పింది. మతసిద్ధాంతాన్ని ప్రభుత్వం నిర్ణయించడం మానింగ్ అంతరాత్మకు సమ్మతం కాలేదు. 1851 ఏప్రిల్ 6న కాథలిక్ మతంలో చేరాడు. పదవి పోయింది, గ్లాడ్‌స్టన్ స్నేహమూ ఏళ్లతరబడి దూరమైంది. అయితే 1865లో పోపు తొమ్మిదవ పయస్ ఆయనను వెస్ట్‌మినిస్టర్ ఆర్చిబిషప్పుగా నియమించాడు. 1875లో కార్డినల్ అయ్యాడు.

మానింగ్ స్వభావంలో కాఠిన్యం లేకపోలేదు. కాథలిక్ యువకులు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో చదవరాదని పట్టుబట్టాడు. వారికోసం కెన్సింగ్టన్‌లో స్థాపించిన కళాశాల కొద్దికాలానికే విఫలమైంది. సాటి మేధావి న్యూమన్‌తో ఆయనకు పొసగలేదు.

కాని పేదల విషయంలో ఆ హృదయం వెన్న. పూర్వాధికారి వైజ్‌మన్ స్మారకంగా మహాదేవాలయం నిర్మించాలని చందాలు పోగయ్యాయి. మానింగ్ స్థలం సేకరించాడే గాని నిర్మాణానికి పూనుకోలేదు. లండన్ మురికివాడలలో వలసవచ్చిన ఐరిష్ పేదల పిల్లలు వేలసంఖ్యలో బడి లేక తిరుగుతుండగా గోపురాలకు ధనం వెచ్చించడం ఆయనకు ఇష్టంలేదు. దేవాలయం ఆగగలదు, పిల్లల బాల్యం ఆగదు. కనుక ముందు పాఠశాలలు వెలిశాయి. మద్యపానానికి వ్యతిరేకంగా ఉద్యమం నడిపాడు. 1882లో రష్యాలో యూదులపై జరిగిన దౌర్జన్యాలను లండన్ మేయరు భవనంలో జరిగిన సభలో ఖండించాడు. 1884లో శ్రామికుల గృహవసతిని విచారించిన రాయల్ కమిషన్‌లో సభ్యుడయ్యాడు.

ఆయన జీవితానికి మకుటాయమానమైన ఘట్టం 1889 నాటి లండన్ రేవు కూలీల సమ్మె. ఆ కూలీల బ్రతుకు దినదినగండం. ప్రతి ఉదయం గేట్ల వద్ద గుమిగూడేవారు. పిలుపు వచ్చినవారికి కొద్ది గంటల పని, రానివారికి పస్తు. గంటకు ఆరు పెన్నీల కూలి కోరుతూ ఆగస్టులో వారు పని మానారు. వారాలు గడిచాయి, ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. కొత్త కూలి జనవరినుంచి ఇస్తామన్నారు యజమానులు; అంతవరకు ఆగలేమన్నారు కార్మికులు. ఎనభై ఒక్క ఏళ్ల మానింగ్ ఇరుపక్షాల నడుమ తిరిగాడు. సెప్టెంబరు 10న పోప్లార్‌లోని ఒక కాథలిక్ పాఠశాలలో సమ్మె నాయకులతో గంటలకొద్దీ చర్చించి, నవంబరు 4 అనే మధ్యేమార్గానికి వారిని ఒప్పించాడు. యజమానులూ అంగీకరించారు. సెప్టెంబరు 16న కూలీలు తిరిగి పనిలో చేరారు. పెద్దలిచ్చిన మాటను నమ్మని కూలీలు ఆ వృద్ధుని మాటను నమ్మారు. కారణం ఆయన ధరించిన ఎర్రని అంగీ కాదు, అంతకుముందు పాతికేళ్లుగా వారి వాడలలో ఆయన చేసిన సేవ.

1891లో పోపు పదమూడవ లియో శ్రామికుల హక్కులను సమర్థిస్తూ లేఖ వెలువరించినప్పుడు మానింగ్ ఆనందానికి అవధులు లేవు. 1892 జనవరి 14న ఆయన కన్నుమూశాడు. అంతిమయాత్రలో లండన్ వీధులు పేద జనంతో నిండిపోయాయి. ఆయన వాయిదా వేసిన మహాదేవాలయం 1903లో ప్రార్థనలకు తెరుచుకుంది. 1907లో ఆయన భౌతికకాయాన్ని అక్కడికే చేర్చారు.

విద్యావంతులు కాబోతున్న యువతీయువకులకు ఈ జీవితం ఒక పాఠం. రేపు ఏ పదవి లభించినా, దాని ద్వారం బీదవానికి తెరచి ఉన్నదా, లేదా అన్నదే ఆ పదవికి గీటురాయి.