మన జెండాకీ వెర్షన్లున్నాయ్.. పింగళి వెంకయ్య కథ తెలుసా?

ఫోన్‌లో ఏదో యాప్ వాడుతుంటాం. మొదట్లో లేని ఫీచర్లు ఒక్కో అప్‌డేట్‌లో వచ్చి చేరతాయి. మన జాతీయ జెండా కూడా ఇలాగే తయారైందంటే నమ్ముతారా? దానికి మొదటి రూపం గీసిచ్చింది మన కృష్ణా జిల్లా మనిషే.

పింగళి వెంకయ్య 1876 ఆగస్టు 2న మచిలీపట్నం దగ్గర్లోని భట్లపెనుమర్రులో పుట్టారు. చిన్నతనం దివిసీమలో గడిచింది. బందరు హిందూ హైస్కూల్లో చదువుకున్నారు, తర్వాత బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. పత్తిపై పరిశోధనలతో పత్తి వెంకయ్య అయ్యారు, జపనీస్ నేర్చుకుని జపాన్ వెంకయ్య అయ్యారు. మనసు మాత్రం జెండా మీదే.

1916లో ఏకంగా 30 డిజైన్లతో ఇంగ్లిష్‌లో ఓ పుస్తకం వేశారు. ఆ తర్వాత ఐదేళ్లు కాంగ్రెస్ సభల చుట్టూ తిరిగారు. ఏదీ ఖాయం కాలేదు.

1921లో బెజవాడలో ఏఐసీసీ సమావేశాలు జరిగాయి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న జెండా గీసివ్వమని గాంధీజీ అడిగారు. రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. వెంకయ్య గంటల వ్యవధిలోనే గీసిచ్చారు. అయినా ఆలస్యమైపోయి సభ ఆమోదం దొరకలేదు. అదే మేలైంది. జెండా చేతికొచ్చాక అందులో ఏం తక్కువైందో గాంధీజీకి తట్టింది. మిగతా మతాల వారి కోసం తెలుపు చేర్పించారు.

అధికారిక ముద్ర లేకుండానే అది జనంలోకి వెళ్లిపోయింది. 1923 నాగ్‌పూర్ జెండా సత్యాగ్రహంలో ఆ జెండా పట్టుకునే జనం జైళ్లకు వెళ్లారు. అన్నీ కుదిరాకే ఇద్దామని ఆగి ఉంటే, వాళ్ల చేతుల్లో ఏముండేది?

వాడకంలోకి వచ్చాక అభ్యంతరాలూ వచ్చాయి. తమ రంగు ఏదని సిక్కులు అడిగారు. 1931లో ఏడుగురితో కమిటీ వేశారు. దాని కన్వీనర్ కూడా బందరు డాక్టరే, భోగరాజు పట్టాభి సీతారామయ్య. మొత్తం కాషాయ రంగులో ఉండాలని కమిటీ చెబితే ఏఐసీసీ ఒప్పుకోలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో రాట్నం ఖాయం చేసింది. రంగులకు మతాలతో సంబంధం లేదని కూడా తేల్చేసింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రం పెట్టింది.

వెంకయ్య పేదరికంలోనే 1963 జులై 4న కన్నుమూశారు. ఆయన పేరిట పోస్టల్ స్టాంపు 2009లో గానీ రాలేదు.

1921లో ఆయన గీసిన రెండు రంగుల్లో ఇప్పుడు మిగిలింది ఆకుపచ్చ ఒక్కటే. అయితేనేం, తర్వాత ఎంతమంది మార్చినా, మార్చడానికి చేతిలో ఒక జెండా పెట్టింది ఆయనే.