తన వైఫల్యాలకూ లెక్క చెప్పిన వైద్యుడు

పుదుచ్చేరిలో 1823లో ఫ్రెంచి పాలకులు నెలకొల్పిన వైద్య పాఠశాలే నేటి జిప్మర్‌కు మూలం. అక్కడి హృద్రోగ విభాగంలో ఇప్పుడు నిత్యం జరిగే చికిత్సల్లో యాంజియోప్లాస్టీ ఒకటి. ఛాతీని కోయకుండా, సన్నని గొట్టం ద్వారా గుండె రక్తనాళాల్లోని అడ్డంకిని తొలగించే ఈ విధానానికి ఆద్యుడు జర్మన్ వైద్యుడు ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్.

ఆయన 1939లో డ్రెస్డెన్ నగరంలో జన్మించారు. 1964లో అమెరికా వైద్యుడు చార్లెస్ డాటర్ కాలి రక్తనాళాన్ని గొట్టాలతో వెడల్పు చేసిన తీరు ఆయనను ఆకర్షించింది. జ్యూరిక్‌లో తన ఇంటి వంటగదిలోనే గొట్టం చివర చిన్న బెలూన్ అమర్చే ప్రయోగాలు సాగించారు. 1974లో దానిని కాలి రక్తనాళంలో, 1977 సెప్టెంబరు 16న 38 ఏళ్ల రోగి గుండె రక్తనాళంలో విజయవంతంగా వాడారు.

కీర్తి వెంటనే వచ్చింది. అయినా ఆయన ప్రమాదాలను మరుగుపరచలేదు. బెలూన్ ఉబ్బినప్పుడు నాళం లోపలి పొర చీలి, రక్తప్రవాహం హఠాత్తుగా నిలిచిపోవచ్చు. అందుకే శస్త్రచికిత్స బృందాన్ని సిద్ధంగా ఉంచేవారు. తొలి 50 మంది రోగుల ఫలితాలను 1979లో ప్రకటించారు. 32 మందిలో చికిత్స ఫలించిందనీ, అయిదుగురికి అత్యవసరంగా బైపాస్ చేయవలసి వచ్చిందనీ, వారిలో ముగ్గురి ఈసీజీలో గుండెపోటు ఛాయలు కనిపించాయనీ అందులో వెల్లడించారు.

1980లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి వెళ్లిన గ్రుంట్‌జిగ్, 1985 అక్టోబరు 27న తాను నడుపుతున్న విమానం కూలి భార్యతో సహా మరణించారు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్లు. తెరిచిన నాళం కొన్ని నెలలకే తిరిగి పూడుకుపోయే సమస్య అప్పటికింకా పరిష్కారం కాలేదు.

మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో తొలి స్టెంట్‌ను మనిషి గుండె నాళంలో అమర్చారు. హఠాత్తుగా నాళం మూసుకుపోయే ముప్పు క్రమేణా తగ్గింది. కానీ స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టే కొత్త ముప్పు ఎదురైంది. వైద్యుని సలహా లేకుండా మాత్రలు మానరాదని చెప్పేది అందుకే. గొట్టం చొప్పించిన చోట రక్తస్రావం, నాళానికి రంధ్రం పడటం, ఎక్స్‌రే కోసం ఎక్కించే ద్రవం వల్ల మూత్రపిండాలు దెబ్బతినడం వంటి చిక్కులు నేటికీ కొందరిలో తలెత్తుతున్నాయి.

చికిత్సకు ముందు ఈ ముప్పులను రోగికీ కుటుంబానికీ వివరించి, ఆ తరువాతే అంగీకార పత్రంపై సంతకం తీసుకోవడం నేడు వైద్యుల విధి. ఈ చికిత్స విషయంలో ఆ నిజాయితీకి బాట వేసినవారిలో గ్రుంట్‌జిగ్ ప్రథములు.