పంక్తి భేదం ఎరుగని గోరా గారు

మన సంఘం వార్షికోత్సవం నాడు సభ్యులందరమూ కుటుంబాలతో సహా ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తాము. ఇందులో విశేషమేముందని మన మనుమలు, మనుమరాళ్ళు అనుకోవచ్చు. మనుషులు కుల మతాల అడ్డు లేకుండా కలిసి కూర్చోవాలని నమ్మి, ఆ నమ్మకం కోసం ఇంటినీ ఉద్యోగాలనూ వదులుకున్న పెద్దలు శ్రీ గోపరాజు రామచంద్రరావు గారు. లోకం వారిని గోరా అని పిలిచింది.

గోరా గారు 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో సనాతన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు నేడు ఒడిశాలో ఉన్నది. మద్రాసులో వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేసి, మదురైలోని అమెరికన్ కళాశాలలో అధ్యాపకులైనారు. మతం మార్చుకుంటే అమెరికాలో పై చదువులకు పంపుతామన్నా ఒప్పుకోలేదు. అప్పటికి వారి ఆలోచన నాస్తికత్వం వైపు మళ్ళుతున్నది. 1928లో జంధ్యం తీసివేయగా, తండ్రిగారు ఇల్లు విడిచి వెళ్ళమన్నారు. సతీమణి సరస్వతి గారు భర్త వెంటే నడిచారు. గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణం చూసి, ఏ కీడూ జరగదని ఆచరణలో చూపిన ధైర్యశాలి ఆమె.

కాకినాడలో కళాశాల ఉద్యోగం 1933లో నాస్తికత్వం కారణంగానే పోయింది. తరువాత మచిలీపట్నంలో పనిచేసి, 1940లో జీతం రాళ్ళకు స్వస్తి చెప్పి, కృష్ణా జిల్లా ముదునూరు గ్రామస్థుల ఆహ్వానంపై అక్కడ నాస్తిక కేంద్రం స్థాపించారు. పెద్ద సంసారం, నెల జీతం లేదు. పింఛను మీద బ్రతికే మనకు ఆ సాహసం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ కేంద్రంలో ఉపన్యాసాలకన్నా పనులే ఎక్కువ. వయోజనులకు అక్షరాలు నేర్పడం, మూఢనమ్మకాలను పోగొట్టడం, అన్నిటికీ మించి సహపంక్తి భోజనాలు. అన్ని కులాలవారూ సాదా భోజనానికి ఒకే వరుసలో కూర్చునేవారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో ఆ కుటుంబం జైలుకు వెళ్ళింది. సరస్వతి గారు చంటిబిడ్డతో జైలులో గడిపారు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

గాంధీ మహాత్ములు దైవభక్తులు, గోరా గారు నాస్తికులు. అయినా అంటరానితనం పోవాలన్న విషయంలో ఇద్దరిదీ ఒకే దారి. గోరా గారి పెద్ద కుమార్తె మనోరమ గారికి దళిత యువకుడు అర్జునరావు గారితో వివాహం నిశ్చయమైనప్పుడు, దానిని సేవాగ్రామంలో తామే జరిపించడానికి మహాత్ములు అంగీకరించారు. 1948 జనవరిలో వారు హత్యకు గురైనారు. ఆ వివాహం మార్చిలో సేవాగ్రామంలోనే జరిగింది. 1960లో కుమారుడు లవణం గారు మహాకవి జాషువా గారి కుమార్తె హేమలత గారిని వివాహమాడారు. ఈ విధంగా గోరా గారు ఊరికి చెప్పిన మాటను ముందు తమ ఇంట అమలు చేశారు.

ఇది వ్రాస్తుంటే నా సర్వీసు తొలినాళ్ళు గుర్తుకు వస్తున్నవి. మన జిల్లాలో కరువు పనుల చోట నేను మస్టరు వ్రాసేవాడిని. అందరి పేర్లూ ఒకే పుస్తకంలో, కూలి రేటూ ఒకటే. మిట్టమధ్యాహ్నం దప్పికైతే మాత్రం కొందరు కుండలో చెంబు ముంచి త్రాగేవారు, మరికొందరు దూరంగా దోసిలి పట్టేవారు. పైనుండి నీళ్ళు పోసేవారు. చూశాను, తల వంచుకుని పేర్లు వ్రాసుకున్నాను. ప్రభుత్వ ఉద్యోగిగా ఒక్క మాట అంటే నా జీతం పోయేది కాదు. జీతం పోయినా వెనుకాడని గోరా గారి ముందు నా మౌనం నాకు చిన్నతనంగా ఉంటుంది.

గోరా గారు 1975 జులై 26న విజయవాడలో సభలో మాట్లాడుతూనే కన్నుమూశారు. సరస్వతి గారు 2006 వరకు జీవించి కేంద్రాన్ని నడిపించారు.

మన సభ్యులలో దైవభక్తులే అధికం, నేనూ అందులో ఒకడినే. గోరా గారి నాస్తికత్వం మనం ఒప్పుకోనవసరం లేదు. కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధిని దర్శించే మనకు కులభేదాలు కూడవన్న మాట కొత్తదేమీ కాదు. ఈసారి వార్షికోత్సవ భోజనాలలో వడ్డన ఎవరు చేయాలి, ఎవరి ప్రక్కన ఎవరు కూర్చోవాలి అన్న ప్రశ్న రాకుండా చూసుకుంటే, అదే ఆ మహనీయునికి మనమిచ్చే నివాళి.